శ్రీనూ, ముందు స్టేషన్, తర్వాతే కమిటీ

ఒరేయ్ శ్రీనూ,

పటమటలో స్కూలు బాధ్యత నెత్తికెత్తుకున్నావు, సంతోషం. కానీ నువ్వు పంపిన నిబంధనల్లో మూడో పేరా చూసి గుండె గుభేలుమంది. 'లైంగిక వేధింపుల ఫిర్యాదు వస్తే ముందు కమిటీ విచారిస్తుంది, నిజమని తేలితే పోలీసులకు తెలుపుతుంది' అని రాశారు. ఎవరు రాశారో గానీ, నిన్ను జైలుకు పంపే పేరా అది!

పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 2012లో వచ్చింది. ఆడపిల్లైనా మగపిల్లాడైనా 18 ఏళ్లలోపు అందరికీ వర్తిస్తుంది. అందులో 19వ సెక్షన్ ప్రకారం నేరం జరిగిందని తెలిసినవాళ్లే కాదు, జరగబోతోందన్న అనుమానం ఉన్నవాళ్లు కూడా పోలీసులకు చెప్పి తీరాలి. నిజమో కాదో తేల్చే పని నీది కాదు. చెప్పకపోతే ఎవరికైనా ఆరు నెలల దాకా జైలో, జరిమానానో, రెండూనో పడతాయి. తప్పు చేసింది నీ కింద పనిచేసే మనిషైతే, సంస్థ పెద్దగా నీకు ఏడాది దాకా జైలు, పైన జరిమానా. మంచి ఉద్దేశంతో చెప్పిన మాట తర్వాత రుజువు కాకపోయినా చెప్పినవాడి మీద కేసు ఉండదు. ఆ భయం వదిలెయ్.

కమిటీ విచారణతో ఇంకో పెద్ద నష్టముంది. పిల్ల క్లాస్ టీచరుకు ఒకసారి, ప్రిన్సిపాల్‌కు ఒకసారి, ఐదుగురు పెద్దల ముందు ఇంకోసారి చెబుతుంది. ఒక్కోసారి ఒక్కో మాట మారుతుంది, భయపడిన పిల్లలకు అది సహజం. ఆ తేడాలన్నీ ఏరుకొచ్చి అవతలి లాయరు కోర్టులో క్రాస్ ఎగ్జామినేషన్‌లో వాడుకుంటాడు. అందుకే మీ టీచర్లకు ఒకటే నేర్పు: పిల్ల చెప్పింది విను, 'నీ తప్పేం లేదు' అను, ఎవరికీ చెప్పనని మాత్రం మాటివ్వకు. 'సారు ఇక్కడ ముట్టుకున్నాడా?' లాంటి ప్రశ్నలొద్దు. పిల్ల అన్న మాటలు అన్నట్టే కాగితం మీద రాసి తేదీ, టైము, సంతకం పెట్టాలి. అంతటితో ఆపాలి.

తర్వాత అత్యవసర నంబరు 112 గానీ, పిల్లల హెల్ప్‌లైన్ 1098 గానీ, లేదా నేరుగా స్టేషన్. ఘటన కృష్ణ అవతల తాడేపల్లిలో జరిగితే 'వారధి దాటి వెళ్లండి' అంటారేమో, కదలకు. జీరో ఎఫ్‌ఐఆర్, అంటే తమ పరిధిలో జరగని నేరానికి కట్టే కేసు, ఏ స్టేషన్‌లోనైనా కట్టాల్సిందే. కాపీ ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకో. పోలీసులు 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీకి, ప్రత్యేక కోర్టుకు తెలపాలి. వాంగ్మూలం పిల్ల ఇంట్లోనో, తనకు నచ్చిన చోటో తీసుకోవాలి. అధికారి యూనిఫాంలో రాకూడదు, వీలైనంతవరకు మహిళా ఎస్‌ఐ రావాలి. పిల్లను రాత్రిపూట స్టేషన్‌లో ఉంచకూడదు.

వైద్య పరీక్ష దగ్గరే ఎక్కువ పాడవుతుంది. ఇంట్లోవాళ్లు పాపం ముందు స్నానం చేయించి బట్టలు ఉతికేస్తారు. అలా చేయొద్దని మొదటి ఫోన్‌లోనే చెప్పాలి. ఆ బట్టలు పాలిథిన్ కవర్లో పెడితే చెమ్మకు బూజు పట్టి ఆధారం పోతుంది, కాగితం సంచిలో పెట్టాలి. ఎఫ్‌ఐఆర్ లేకున్నా పరీక్ష చేయాలి, ఆడపిల్లైతే మహిళా డాక్టరే చేయాలి. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు 72 గంటల్లోపే మొదలవ్వాలి కాబట్టి 'రేపు చూద్దాం' అనొద్దు. సీసీటీవీ రికార్డు కొన్నాళ్లకే చెరిగిపోతుంది, ఆ డబ్బా ఎవరూ ముట్టకుండా పోలీసులకు అప్పగించు. ఫోన్‌లో ఫొటోలో వీడియోలో ఉంటే 'సాక్ష్యం' అని స్టాఫ్ గ్రూపులో పంచారా, అదీ పోక్సో నేరమే. ఫోన్ ఫోన్‌గానే ఇచ్చెయ్యాలి.

మన దగ్గర ఇంకో రోగముంది, పెద్దమనుషుల పంచాయితీ. 'పిల్ల భవిష్యత్తు' అంటూ డబ్బిచ్చి మూసేస్తారు. రాజస్థాన్‌లో ఒక ఉపాధ్యాయుడి కేసును పిల్ల తండ్రితో రాజీ కుదిరిందని అక్కడి హైకోర్టు కొట్టేసింది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఆ కేసును మళ్లీ నిలబెట్టింది. స్కూలు సిబ్బందే లైంగిక ఉద్దేశంతో పిల్లను తాకితే అది మామూలు కేసు కూడా కాదు, ఐదు నుంచి ఏడేళ్ల శిక్ష.

సిబ్బందికి పోలీసు వెరిఫికేషన్ 2020 నిబంధనల ప్రకారం తప్పనిసరి. వ్యాన్ డ్రైవరు, కాంట్రాక్టు వాచ్‌మన్‌తో సహా, ఒక్కసారి కాదు, అప్పుడప్పుడూ చేయిస్తూ ఉండాలి. కేసయితే పిల్లకు తోడుండే సహాయక వ్యక్తిని ఇవ్వమని, తిండికీ రాకపోకలకూ తక్షణ సాయం ఇప్పించమని ఆ సంక్షేమ కమిటీనే అడగొచ్చు. చాలామంది అడగరు.

అవసరమొస్తే ఏ అర్ధరాత్రైనా ఫోన్ చెయ్యి. పిల్ల పేరు మాత్రం నాక్కూడా చెప్పకు.

నీ
రాఘవ
గుంటూరు