మీ లెక్కలో పరిష్కారమైపోయిన నా లారీ గురించి

మందస మండలం, శ్రీకాకుళం జిల్లా
16 జూన్ 2025

యజమాని గారికి
(కస్టమర్ కేర్ విభాగానికి కాదు, యజమాని గారికే)

అయ్యా,

కవరు మీద "యజమాని గారు స్వయంగా విప్పవలసింది" అని రాసి ఈ ఉత్తరాన్ని రిజిస్టరు పోస్టులో పంపుతున్నాను. ఫోనులో మీ దాకా చేరడం మానవమాత్రుల వల్ల కాదని ఈ నాలుగు నెలల్లో బోధపడింది. పోస్టుమాన్ అయినా మీ గేటు దాటగలడని ఆశ.

సంక్రాంతి వెళ్లిన వారంలో, సైన్యం వాడుకుని వేలంలో వదిలేసిన లారీ ఒకటి మీ దగ్గర 4,80,000 రూపాయలకు కొన్నాను. మహేంద్రగిరి దిగువ పల్లెల నుంచి జీడిగింజల బస్తాలు పలాస చేర్చడం నా జీవనం. ఆ దారుల్లో మామూలు లారీ వానొస్తే దిగబడుతుంది. నాలుగు చక్రాలూ లాగే బండి కావాలని అప్పు చేసి మరీ కొన్నాను. దాని ఇంజను, గేర్లు, టైర్ల గురించి ఇక్కడ ఒక్క మాట కూడా రాయను. వాటితో నాకు పేచీ లేదు. పాత సామాను పాత సామానులాగే ఉంటుంది. కరెంటు చెడిపోవడం కూడా మహాపరాధమని నేననను. నా కడుపుమంట వేరు.

ఫిబ్రవరి మొదటి వారంలో ఒక ఉదయం సెల్ఫు కొడితే "టక్" మని ఒక్క చప్పుడు చేసి ఊరుకుంది. మీ నంబరుకు ఫోను చేశాను. "మీ సమస్య మాకు ఎంతో ముఖ్యం" అని ఒక రికార్డు, ఆ తరువాత వేణుగానం. ఇరవై రెండు నిమిషాలు విన్నాను. పాపం, బాగానే వాయించాడు. ఆ తరువాత వచ్చిన అమ్మాయి నా పేరు, ఊరు, బండి నంబరు, కొన్న తేదీ అన్నీ రాసుకుని, "సార్, బండిని ఒకసారి ఆపి మళ్లీ స్టార్ట్ చేయండి" అంది. అమ్మా, స్టార్టు కావడం లేదనే కదా ఫోను చేశాను అన్నాను. "సరే సార్, అయితే ఆపే పని లేదు" అంది. ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు. ఆమె ముందున్న కాగితంలో అంతవరకే రాసి ఉంటుంది.

రెండోసారి ఒక అబ్బాయి ఎత్తాడు. మళ్లీ పేరు, ఊరు, బండి నంబరు. పక్కింటి వాళ్ల కారు బ్యాటరీకి తీగలు కలిపి స్టార్టు చేయమన్నాడు. నాయనా, ఇది సైన్యం లారీ, రెండు 12 వోల్టుల బ్యాటరీలు ఒకదాని వెనక ఒకటి కలిపి 24 వోల్టుల మీద నడుస్తుంది, కారు బ్యాటరీ దీనికి సగమే కదా అన్నాను. "మన దగ్గర అన్ని బండ్లూ 12 వోల్టులే సార్" అని తేల్చేశాడు. సైన్యం లారీలు అమ్మే కంపెనీలో కూర్చుని ఆ మాట అన్నవాడికి జీతం ఇస్తున్న మీ ఉదారతకు జోహార్లు.

మూడోసారి అది వర్క్‌షాపు పని అన్నారు. వర్క్‌షాపు వాళ్లు సేల్స్ వాళ్లను అడగమన్నారు. సేల్స్ ఆయన, నాకు బండి అమ్మిన రోజున రెండుసార్లు టీ తెప్పించిన మనిషే, "ఏ లారీ సార్?" అన్నాడు.

ఇక మార్చి నెలలో జరిగింది చెబుతాను, మీరు మనసు పెట్టి చదవాలి. బండిని తోయించి స్టార్టు చేసుకుని, పదిహేను బస్తాలు ఎక్కించుకుని కొండ దిగుతున్నాను. చీకటి పడింది. హెడ్‌లైట్లు ముందు పసుపురంగుకు తిరిగాయి, ఆ తరువాత దీపం వత్తి కొడిగట్టినట్టు తగ్గి తగ్గి ఆరిపోయాయి. డీజిల్ ఇంజను కనుక ఆగలేదు. కంగారులో చేతికందిన స్విచ్చి తిప్పాను. ఒక్క దీపం వెలిగింది. ఎక్కడ అనుకున్నారు? బండి వెనక, కింద, తెల్ల రంగు వేసిన డిఫరెన్షియల్ మీద, అంటే వెనక ఇరుసు మధ్యనుండే గేర్ల గుండు మీద! యుద్ధంలో దీపాలన్నీ ఆర్పి వరసగా వెళ్లేటప్పుడు వెనక బండి డ్రైవరుకు దారి తెలియడానికి పెట్టిన దీపం అది. నా వెనక ఎవరున్నారు? ఎలుగుబంట్లు. మా ఉద్దానం వైపు అవి తోటల్లోకి వస్తాయని మీ విశాఖ వరకూ తెలిసే ఉంటుంది. తెల్లవారే దాకా క్యాబినులో అద్దాలు బిగించుకుని కూర్చున్నాను.

అక్కడి నుంచే మీ అత్యవసర నంబరుకు ఫోను చేశాను. సిగ్నలు ఉంది, మనిషి లేడు. పని వేళలు ఉదయం పది నుంచి సాయంత్రం ఆరు వరకు అని రికార్డు చెప్పింది. అత్యవసరాలన్నీ ఆ వేళల్లోనే రావాలని మా కొండల్లో ఎవరికీ తెలియదు.

మర్నాడు ఫొటోలు పంపమన్నారు. పదకొండు పంపాను. జవాబుగా బొటనవేలు బొమ్మ ఒకటి వచ్చింది. అంతే. తొమ్మిది రోజులు చూసి, పలాసలో తెల్లవారుజామున రైలెక్కి మీ ఆఫీసుకు వచ్చాను. సెల్యూట్ చేస్తున్న సైనికుడి బొమ్మ కింద ప్లాస్టిక్ కుర్చీలో నాలుగు గంటలు కూర్చోబెట్టారు. మేనేజరు గారు మీటింగులో ఉన్నారు, తరువాత భోజనానికి వెళ్లారు, ఆ తరువాత సెలవులో ఉన్నారు. ఒకే రోజున, ఒకే మనిషి. నాకు మాత్రం ఒక ఫారం ఇచ్చి నింపమన్నారు. పేరు, ఊరు, బండి నంబరు, కొన్న తేదీ.

చివరికి మా మేనమామకు కబురు పెట్టాను. ఆయన సైన్యంలో పదిహేడేళ్లు లారీ నడిపి వచ్చిన మనిషి. ఇప్పటికీ రోజూ ఉదయాన్నే తన మోపెడ్‌కు "ఫస్ట్ పరేడ్", అంటే బండి తీసే ముందు సైన్యంలో చేసే తనిఖీ, చేయనిదే కాఫీ తాగడు. వచ్చి, బండి చుట్టూ ఒకసారి తిరిగి, "ఒరేయ్, ముందు ఎర్త్ చూడాలిరా" అన్నాడు. ఎర్త్ అంటే బ్యాటరీ నెగటివ్‌ను బండి ఇనుముకు కలిపే పట్టీ. మీటరు ఒక తీగ బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది ఇంజను ఇనుము మీద పెట్టి నన్ను సెల్ఫు కొట్టమన్నాడు. అర వోల్టు కూడా చూపించకూడదట. మూడు దాటింది. ఎర్త్ పట్టీ బోల్టు విప్పితే కింద మీ నీలం రంగు, కొత్త పెళ్లికూతురు చీరలా నిగనిగలాడుతూ ఉంది.

సైన్యం ఆకుపచ్చ రంగు మామూలు జనం బండ్లకు ఉండకూడదని మోటారు వాహనాల నిబంధన ఉంది. అందుకని మీరు రంగు మార్చారు, మంచిదే. ఛాసిస్‌కు పట్టీ తగిలే చోటు కూడా వదలకుండా మార్చారు. రంగు మీద పట్టీ బిగిస్తే కరెంటు ఎటు పోతుంది? మామయ్య గరుకు కాగితంతో రుద్ది తెల్లటి ఇనుము తేల్చి, పట్టీ బిగించి, పైన వాసలిన్ పూశాడు. సెల్ఫు తిరిగింది. హెడ్‌లైట్ల పట్టీ కింద కూడా అదే నీలం. పావుగంట పని. దానికోసం నేను రెండు నెలలు వేణుగానం విన్నాను.

రెండోది ఇంకా బాగుంటుంది. బండితోపాటు మీరు కానుకగా ఒక స్టీరియో బిగించి ఇచ్చారు గుర్తుందా? అది 12 వోల్టులది. మీ మేస్త్రి తెలివిగా రెండు బ్యాటరీల్లో ఒకదాని నుంచే దానికి తీగ లాగాడు. ఆ బ్యాటరీ రోజూ కొంత ఖాళీ అవుతుంది, దాన్ని నింపాలని చార్జింగు ఎక్కినప్పుడల్లా నిండుగా ఉన్న రెండోది ఉడుకుతుంది. మీటరు పెడితే ఒకటి 11.4, ఇంకొకటి 12.6. ఉడికిన దాంట్లో నీళ్లు ఇంకిపోయి పలకలు బయటపడ్డాయి, మూత తీస్తే ముక్కు మండింది. రెండూ పోయాయి. కానుక ఇచ్చి కొంప ముంచడమంటే ఇదే కాబోలు.

ఈ సంగతంతా మీ వాళ్లకు మేలు చేసినట్టే చెప్పాను. ఇంకో కొనుగోలుదారుకు ఇలా జరగకూడదని. దానికి వచ్చిన జవాబు వినండి: "బయటి వ్యక్తి వైరింగు ముట్టుకున్నాడు కాబట్టి ఆరు నెలల పూచీ రద్దయింది." సైన్యం లారీకి సైన్యం డ్రైవరు బయటివాడు! 24 వోల్టులంటే తెలియని పిల్లవాడు లోపలివాడు! ఆ సాయంత్రమే ఫోనుకు సందేశం: "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది. మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?" ఎవరి చేత పరిష్కరించబడింది? మా మామయ్య చేత. నక్షత్రాలు ఆయనకే ఇచ్చాను.

ఇది వ్యాపార వాహనం కాబట్టి వినియోగదారుల చట్టం వర్తించదని కూడా మీ వాళ్లొకరు బెదిరించారు. 2019 చట్టం నేనూ చదివించుకున్నాను. స్వయం ఉపాధితో పొట్ట పోసుకోవడానికి కొని, సొంతంగా వాడుకునేవాడు వినియోగదారుడేనని అందులోనే ఉంది. లారీ నడిపేదీ నేనే, బస్తాలు మోసేదీ నేనే. వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫోను చేయడం నాకూ వచ్చు. శ్రీకాకుళంలో జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, అయిదు లక్షల లోపు సొమ్ము చెల్లించిన కేసుకు రుసుము కూడా లేదు. నా బండి ధర అంతకంటే ఇరవై వేలు తక్కువ. ఆ ఇరవై వేలు తగ్గించి ఇచ్చినందుకు ఇప్పుడు మీకు కృతజ్ఞతలు చెప్పుకోవాలి.

అదీ కాకపోతే ఇంకో దారి ఉంది. బండి ఇప్పుడు స్టార్టవుతోంది, అది మీకు అంత మంచి వార్త కాదు. బ్రేకు దీపాలు మాత్రం ఇప్పటికీ వెలగడం లేదు. ఆ యుద్ధకాలపు స్విచ్చి గుండా తీగలు ఎటు నుంచి ఎటు వెళ్లాయో, మీ వాళ్లు ఎక్కడ కోసి ఎక్కడ అతికించారో, వైరింగు పటం లేకుండా మామయ్యకు కూడా అంతుపట్టడం లేదు. అందుకే రాత్రిళ్లు తీయకుండా చింతచెట్టు కింద పెట్టాను. అయినా పగటిపూట, వెనక మామయ్యను కూర్చోబెట్టి ఎర్రగుడ్డ ఊపిస్తూ, 16వ నంబరు రహదారి మీదుగా తెచ్చి మీ గేటుకు అడ్డంగా నిలబెట్టగలను. ఫ్లెక్సీ మీద ఏం రాయాలో మా ఊరి పిల్లలు ఇప్పటికే రాసి ఉంచారు. నేను రాసినదానికంటే ఘాటుగా ఉంది.

ఇంతకీ నాకు కావలసింది ఏమిటని మీరు అడగవచ్చు. అడగాలని నా కోరిక కూడా. నాలుగు నెలల్లో మీ సంస్థలో ఎవరూ అడగని ప్రశ్న అదొక్కటే. బ్యాటరీల డబ్బు ఇస్తే సంతోషం, దాని సంగతి మీ మర్యాదకు వదిలేస్తున్నాను.

1988లో మా నాన్నగారు మీ నాన్నగారి దగ్గర సైన్యం జీపు కొన్నారు. అప్పుడు మీకు ఇంత భవనం లేదు, రేకుల షెడ్డు. ఆరు నెలలకు దాని డైనమో చార్జింగు ఆగింది. నాన్నగారు ఒక పోస్టుకార్డు రాసి పడేశారు. అయిదో రోజున జవాబు వచ్చింది. కార్డు వెనక మీ నాన్నగారు సొంత చేత్తో డైనమో, కటౌట్ (బ్యాటరీ కరెంటు డైనమోలోకి వెనక్కి పోకుండా ఆపే పెట్టె), బ్యాటరీ బొమ్మలు గీసి, ఏ తీగ ఎక్కడ బిగించాలో బాణాలు వేసి, ఒక మూల "ముందు ఎర్త్ శుభ్రం చేయండి" అని రాశారు. ఆ జీపు 2018లో తిత్లీ తుపాను నాడు కూలిన కొబ్బరి చెట్ల మధ్య నుంచి మా ఊరికి మంచినీళ్ల డబ్బాలు మోసింది. ఆ కార్డును నమ్మే మీ దగ్గరకు మళ్లీ వచ్చాను, ఇంకో ముగ్గురిని పంపాను. ఆ ముగ్గురూ ఇప్పుడు నా ముఖం చూడడం లేదు.

నా లారీకి కూడా అలాంటి బొమ్మ ఒకటి కావాలి. చేత్తో గీసినా సరే, అచ్చు వేసినది అయినా సరే. దానితోపాటు మీ గొంతుతో ఒక ఫోను. నా పేరు, ఊరు, బండి నంబరు, కొన్న తేదీ అడగకుండా.

కార్డు నకలు ఒకటి దీనితో జత చేస్తున్నాను, ఆ దస్తూరీ మీరు గుర్తుపడతారు. అసలు కార్డు మాత్రం పంపను. మీ ఆఫీసుకు వస్తే దాన్ని కూడా ఎవరో ఒకరు పరిష్కరించేస్తారు.

ఇట్లు,
మీ పాత ఖాతాదారు