మేము పొరపాటుగా అమ్మిన ఒక ఓవర్‌కోటు గురించి

మా దుకాణంలో పాత జర్మన్ సైనిక ఓవర్‌కోట్లు కొన్నవారికి, కొనడానికి పేరు నమోదు చేసుకొని ఎదురుచూస్తున్నవారికి నమస్కారం. 1941 నాటి వేర్‌మాహ్ట్ (రెండో ప్రపంచ యుద్ధ కాలపు జర్మనీ సైన్యం) కోటు అని చెప్పి గత చలికాలంలో మేము అమ్మిన ఒక కోటు ఆ కాలానిది కాదని, యుద్ధం ముగిసిన చాలా ఏళ్లకు తూర్పు జర్మనీ సైన్యం కోసం కుట్టిన కోటును ఎవరో మార్చి అలా తయారుచేశారని తేలింది. కొన్నవారికి రవాణా ఖర్చుతో సహా సొమ్మంతా తిరిగి ఇచ్చి, క్షమాపణ చెప్పుకున్నాము. మా పరిశీలన ఎక్కడ తప్పిందో మిగిలినవారికి కూడా తెలియాలి.

మేము ముద్రను నమ్మాము. యుద్ధకాలపు కోట్ల అస్తరు మీద మెడ, ఛాతీ, వీపు, మొత్తం పొడవు, చేతుల పొడవు కొలతలతో పాటు, సైనిక దుస్తుల డిపో ఉన్న నగరాన్ని తెలిపే అక్షరం, సంవత్సరం ముద్రించి ఉంటాయి. ఈ కోటులో బెర్లిన్‌ను సూచించే 'బి' అక్షరం, పక్కనే 41 అంకె స్పష్టంగా కనిపించాయి. రబ్బరు ముద్ర చేయించడం, సిరా వెలిసినట్లు కనిపించేలా చేయడం ఎవరికైనా సాధ్యమేనని తెలిసి కూడా మేము అక్కడితో సరిపెట్టుకున్నాము. ముదురు ఆకుపచ్చ కాలరుకు బదులు కోటు రంగు కాలరునే కుట్టే పద్ధతి 1940లో మొదలైంది. అయితే పాత నిల్వలు ఆ తరువాత కూడా వాడుకలో ఉన్నాయి కాబట్టి, 41 ముద్ర ఉన్న ఈ కోటుకు ఆకుపచ్చ కాలరు ఉండటం అసాధ్యమేమీ కాదని మాకు మేమే సర్దిచెప్పుకున్నాము. నిజానికి కాలరును విప్పి చూడవలసిన సమయం అదే.

చిరిగిన అస్తరు బాగుచేయించడానికి ఇచ్చినప్పుడు, కాలరు కింద వాడుకలో లేని సూది రంధ్రాల వరుస ఒకటి ఉందని కొన్నవారి దర్జీ గమనించారు. కోటును తెప్పించుకొని కుట్టు విప్పగా, అంతకుముందున్న కాలరును తీసివేసిన గుర్తులు, జేబు లోపలి గుడ్డపై సగం చెరిపిన 'ఎం 48' అనే తూర్పు జర్మనీ సైజు ముద్ర బయటపడ్డాయి. కాలరును అతికిన దారం ముక్కను కాల్చి చూస్తే, అది బూడిద కాకుండా కరిగి గట్టి నల్లపూసలా మారింది, అంటే యుద్ధకాలపు కోట్లలో ఉండని పాలియెస్టర్. 1956 మార్చి 1న ఏర్పడిన తూర్పు జర్మనీ జాతీయ ప్రజా సైన్యం తన దుస్తులలో పాత వేర్‌మాహ్ట్ కత్తిరింపును చాలావరకు కొనసాగించింది. ఆ పోలికే నకిలీలు చేసేవారికి అనువుగా మారింది.

ఇకపై ముద్ర, బట్ట, దారం, కత్తిరింపు, గుండీల వెనుక గుర్తులు ఒకే కాలాన్ని చూపితేనే 'అసలు' అనే మాట రాస్తాము. యుద్ధం సాగేకొద్దీ బట్టలో తిరిగి వాడిన ఉన్ని, రేయాన్ పెరిగాయి గనుక, 1944 ముద్రతో మెత్తని మేలురకం ఉన్ని కనిపిస్తే ఇంకా జాగ్రత్తగా చూస్తాము. పదాతి దళపు ఓవర్‌కోటుకు ఛాతీపై గద్ద చిహ్నం ఉండేది కాదు. అది ఉంటే మొదటి అనుమానం దానిమీదే. అతినీలలోహిత దీపం కింద దారం కొత్త దారంలా మెరిసిందన్న ఒక్క కారణంతో మాత్రం కోటును తిరస్కరించము, ఎందుకంటే ఈ కాలపు సబ్బుపొడితో ఒకసారి ఉతికినా అసలు కోటు అలా మెరవవచ్చు.

అదే విక్రేత దగ్గర కొన్న మరో మూడు కోట్లను అమ్మకం నుంచి తీసివేశాము. గత రెండేళ్లలో మా దగ్గర కొన్నవారు కాలరు లోపలి భాగం, జేబు గుడ్డ, గుండీల వెనుక వైపు ఫోటోలు పంపితే ఉచితంగా మళ్లీ పరిశీలిస్తాము. దయచేసి కుట్లు మీరే విప్పకండి. విప్పవలసి వస్తే కోటును మాకు పంపండి, ఖర్చు మేమే భరిస్తాము.