డనాటర్ కోట దారిలో మాకు సాయం చేసినవాళ్ళకి

అందరికీ నమస్కారం. జూన్ నెలాఖరులో అమ్మానాన్నల్ని తీసుకుని స్కాట్లాండ్ తూర్పు తీరంలో, స్టోన్‌హేవెన్ ఊరి పక్కనున్న డనాటర్ కోటకి వెళ్ళొచ్చాం. శిథిలమైన కోట, దానికి దక్షిణంగా ఫౌల్స్‌హ్యూ అనే పక్షుల కొండలు. రెండూ నాన్న తృప్తిగా చూశారంటే అందులో మా గొప్ప ఏమీ లేదు. అడక్కుండానే ఆదుకున్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళ గురించి చెప్పుకోవాలనే ఇది రాస్తున్నాను.

ముందుగా అబర్డీన్‌లో ఉండే అక్కకీ బావగారికీ. గాలి గట్టిగా ఉంటే కోట గేటు తెరవరని, పొద్దున్నే కనుక్కుని బయల్దేరమని చెప్పింది అక్కే. పక్షుల కోసమైతే ఏప్రిల్ నుంచి జూలై లోపే రావాలని, ఆగస్టులో వస్తే ఖాళీ రాళ్ళే మిగులుతాయని బావగారు పట్టుబట్టి మా టికెట్లు మార్పించారు. ఆయన మాట వినకపోయుంటే ట్రిప్పు సగం వృథా అయ్యేది.

ఇక కోట సంగతి. సముద్రంలోకి చొచ్చుకొచ్చిన ఒంటరి బండ మీద ఉంటుంది. మూడు పక్కలా నిట్టనిలువు కొండ, కింద అలలు. పార్కింగు నుంచి నడిచి, సముద్రమట్టం దాకా మెట్లు దిగి, మళ్ళీ ద్వారం దాకా ఎక్కాలి. మెట్లు రెండొందలకు పైమాటే. నాన్నకి మోకాళ్ళ నొప్పులు. "మీరు వెళ్ళిరండి, నేనిక్కడ గట్టు మీద కూర్చుంటా" అనేశారు. అప్పుడే పైకి వస్తున్న ఒక పెద్దావిడ ఆయన్ని చూసి ఆగింది. తన చేతిలోని రెండు నడక కర్రలూ నాన్న ఎత్తుకి సరిచేసి, పట్టీలోంచి మణికట్టు ఎలా దూర్చాలో చూపించి, దిగేటప్పుడు కర్ర ముందు, కాలు తర్వాత అని రెండు మెట్లు తానే దిగి చూపించింది. మేం తిరిగొచ్చేదాకా తన కారులో పుస్తకం చదువుకుంటూ కూర్చుంది. అమ్మా, మీ పేరు కూడా అడగలేదు. మీ కర్రలే లేకపోతే నాన్న ఆ ద్వారం దాటేవారు కాదు.

దారిలో నాన్న ఆ కొండని తడిమి తడిమి చూశారు. గుండ్రటి గులకరాళ్ళు వేరుశనగ అచ్చులో పలుకుల్లా అతుక్కుని ఉంటాయి. 40 కోట్ల ఏళ్ళకు పైబడిన నాటి నదులు తెచ్చిపోసిన రాళ్ళట అవి.

అమ్మకి నచ్చింది మాత్రం కిరీటం కథ. ఎడిన్‌బరో కోటలో స్కాట్లాండ్ రాజుల కిరీటం, రాజదండం, ఖడ్గం అంతకుముందే చూసొచ్చింది. అప్పట్లో వీటిని దాచింది డనాటర్‌లోనే. ఇంగ్లండులో రాజరికాన్ని కూలదోసి, అక్కడి రాజచిహ్నాల్ని అప్పటికే కరిగించేసిన క్రామ్వెల్ పక్షం సైన్యం 1651లో వీటి కోసం ఈ కోటని ముట్టడించింది. ఎనిమిది నెలల తర్వాత, 1652 మేలో కోట లొంగింది గానీ, లోపలికెళ్ళి చూస్తే కిరీటం లేదు! దగ్గర్లోని కినెఫ్ పల్లె చర్చి ఫాదరీ భార్య క్రిస్టియన్ ఫ్లెచర్ ముట్టడి మధ్యలోనే వాటిని బయటికి దాటించిందని ఒక కథ. బుట్టలో పెట్టి సముద్రం వైపు కిందికి దించితే, నాచు ఏరుకుంటున్నట్టు నటించిన ఆడమనిషి పట్టుకెళ్ళిందని ఇంకో కథ. ఏదైతేనేం, 1660 దాకా అవి కినెఫ్ చర్చి నేల కిందే ఉన్నాయి. "చూశావా, కొంగున కట్టుకుపోయినంత పని చేసింది!" అని అమ్మ ఒకటే సంబరం.

అదే కోటలో 1685లో మతవిశ్వాసం కారణంగా 122 మంది మగవాళ్ళనీ 45 మంది ఆడవాళ్ళనీ కుక్కిన నేలమాళిగ కూడా ఉంది. అందులోకి వెళ్ళాక మాలో ఎవరికీ మాట రాలేదు. ఫొటోలు కూడా తీయలేదు.

మధ్యాహ్నం ఫౌల్స్‌హ్యూ. టికెట్ లేదు, టాయిలెట్ కూడా లేదు, స్టోన్‌హేవెన్‌లోనే చూసుకుని వెళ్ళండి. కొండ అంచున నడుస్తుంటే ముందు వాసన, తర్వాత గోల, ఆ తర్వాతే పక్షులు. కిట్టీవేక్‌లనే సముద్రపక్షులు మట్టీ గడ్డీ తెచ్చి గూడు కడతాయి. గిల్లిమాట్‌లనే ఇంకో రకం సముద్రపక్షులకి ఆ ఓపిక లేదు, ఉత్త రాతి అరుగు మీదే ఒక్క గుడ్డు పెడతాయి. ఇవన్నీ చెప్పింది అక్కడ టెలిస్కోపు పెట్టుకున్న ఒక పెద్దాయన. మా కోసం స్టాండు కిందికి దించి, నాన్న కంటికి సరిపడేలా తిప్పి, మూడు వారాల గిల్లిమాట్ పిల్లని చూపించారు. రెక్కలు పూర్తిగా రాకముందే అది సముద్రంలోకి దూకేస్తుందట. కింద నీళ్ళలో తండ్రి పిలుస్తుంటాడు, ఆ తర్వాత దాన్ని సాకేది కూడా తండ్రే. నాన్న నా వంక అదోలా చూశారు! రంగుల ముక్కు సముద్రపక్షి పఫిన్ కూడా ఒకటి కనబడింది. ఇక్కడ అవి తక్కువే కాబట్టి అదృష్టమే అనుకోవాలి.

తిరిగొస్తే కారు టైరు ఫ్లాటు. ఈ కార్లలో స్టెప్నీ ఉండదు కదా, సాయంత్రం కావస్తోంది, అమ్మకి టెన్షన్. పక్క కారులోని యువ దంపతులు మా అవస్థ చూసి తమ చిన్న కంప్రెసర్ తీసి గాలి కొట్టారు. గాలి మళ్ళీ దిగిపోతుందేమోనని స్టోన్‌హేవెన్ దాకా మా వెనకే నెమ్మదిగా వచ్చారు. అక్కడ షాపు కట్టేస్తున్న మెకానిక్ మళ్ళీ షట్టర్ ఎత్తి, మేకు పీకి, పంక్చర్ వేసి, డబ్బులిస్తుంటే సగమే తీసుకున్నాడు. పైగా గాలి టైరుకి 1845లోనే పేటెంట్ తీసుకున్న రాబర్ట్ విలియం థామ్సన్ తమ ఊరివాడేనని, గాలి టైరుకి పేరుపడ్డ డన్‌లప్ కంటే నలభై ఏళ్ళకు పైగా ముందని గర్వంగా చెప్పాడు. పంక్చర్ పడాలంటే ఇంతకంటే తగిన ఊరు ఎక్కడుంది!

అక్కా, బావగారూ, మీకు ఎలాగూ ఫోన్లో చెప్పాం. మిగతావాళ్ళు తెలుగు చదవలేరు కాబట్టి, ఆ మెకానిక్‌కి అమ్మ పేరు మీద ఇంగ్లీషులో ఒక కార్డు పంపాం. కర్రలావిడా, టెలిస్కోపు పెద్దాయనా, కంప్రెసర్ జంటా ఆ చుట్టుపక్కల వాళ్ళలాగే ఉన్నారు. అబర్డీన్ వైపు ఉండే మనవాళ్ళకి ఎవరికైనా వాళ్ళు ఎదురైతే, ఈ కుటుంబం తరఫున ఒక థాంక్స్ చెప్పండి.