వేంపల్లె రాళ్లను కంకర చేయొద్దు

సంపాదకుల వారికి నమస్కారం.

భూమిని అన్నిటికంటే ఎక్కువగా మార్చిన జీవి ఏది అని క్లాసులో అడిగితే పిల్లలు మనిషి అంటారు. ఒకరిద్దరు వానపాము అంటారు, అదీ మంచి జవాబే. సైన్స్ టీచరుగా పనిచేసినన్నాళ్లూ ఈ ప్రశ్నకు నేను నోటితో జవాబు చెప్పలేదు. పిల్లలను వెంటబెట్టుకుని మన కడప జిల్లా వేంపల్లె దగ్గరి ఒక గుట్టకు వెళ్లి చూపించేదాన్ని.

అక్కడి రాళ్లలో అడ్డంగా కోసిన ఎర్రగడ్డలా పొర మీద పొర వంపులు తిరిగి కనిపిస్తుంది. వీటిని స్ట్రోమటోలైట్లు అంటారు. సుమారు 190 కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ లోతులేని సముద్రం ఉండేది. దాని అడుగున నీలి ఆకుపచ్చ నాచు జిగట చాపలా పరుచుకునేది. సన్నటి మట్టి వచ్చి కప్పేస్తే వెలుతురు కోసం మళ్లీ పైకి పాకేది. అలా ఒక్కో పొరే పేరుకుని రాయి అయింది. పేరుకు నాచు అంటున్నాం గానీ ఇది బ్యాక్టీరియా. ఆస్ట్రేలియాలోని షార్క్ బేలో ఇలాంటివి ఇప్పటికీ ప్రాణంతో ఉన్నాయి, ఏడాదికి అర మిల్లీమీటరు కూడా పెరగవు.

ఎండనూ నీటినీ వాడుకుని ఆక్సిజన్ వదిలే విద్య మొదట అబ్బింది ఈ జీవికే. చాలాకాలం ఆ ఆక్సిజన్ సముద్రంలో కరిగిన ఇనుముకు తుప్పు పట్టించడానికే ఖర్చయిపోయింది. సుమారు 240 కోట్ల ఏళ్ల కిందట గాలిలో నిలవడం మొదలైంది. మన వేంపల్లె రాళ్లు ఆ తర్వాతివి. ఓజోన్ పొర ఏర్పడింది ఆ ఆక్సిజన్‌తోనే. ప్రతి ఆకులోనూ పచ్చగా ఉండే క్లోరోప్లాస్ట్ కూడా ఎప్పుడో మరో కణంలో చేరి అక్కడే ఉండిపోయిన ఈ నాచు సంతతే. వరి మడిలో అజోల్లా అనే నీటి మొక్కను వేస్తే పైరుకు నత్రజని అందేది దాని ఆకుల్లో కాపురముండే నాచు వల్లే. మనిషి భూమిని వేగంగా మారుస్తున్నాడు, కాదనను. కానీ మనం పీల్చే గాలినే తయారుచేసిన జీవి ముందు ఇంకే జీవినీ నిలబెట్టలేను.

ఈమధ్య అదే గుట్టకు మళ్లీ వెళ్లాను. ఒక పక్కంతా తొలిచేశారు. పిల్లలు చెయ్యి పెట్టి పొరలు లెక్కపెట్టిన బండ కంకరైపోయింది. చాలా బాధనిపించింది. తవ్వినవాళ్లకు అదేమిటో తెలియదు, తెలిపే బోర్డు ఒక్కటీ లేదు.

రాజస్థాన్‌లో చిత్తోడ్‌గఢ్ దగ్గరి భోజుందాలో ఇలాంటి రాళ్లనే జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా కాపాడుతున్నారు. మన రాష్ట్రంలో తిరుమల శిలాతోరణానికి, మంగంపేట బెరైటీస్ ఖనిజ నిక్షేపానికి ఆ గుర్తింపు ఉంది. ఇక్కడి రాతి పొరల వరుసకు వేంపల్లె పేరే పెట్టారు, ఆ పేరును 1872లో విలియం కింగ్ రాసిన సర్వే నివేదిక నాటి నుంచీ భూగర్భ శాస్త్రవేత్తలు వాడుతున్నారు. అయినా ఊళ్లో చాలామందికి ఆ సంగతే తెలియదు.

క్వారీలన్నీ ఆపేయమని నేను అడగడం లేదు, వాటి మీద బతికే కుటుంబాలున్నాయి. స్ట్రోమటోలైట్లు బాగా కనిపించే ఒకటి రెండు గుట్టలను నిపుణులతో గుర్తింపజేసి, వాటిని లీజుల నుంచి తప్పించి, కంచె వేసి, తెలుగులో బోర్డు పెట్టమని జిల్లా అధికారులను కోరుతున్నాను. తర్వాతి లీజు ఇచ్చేలోపే ఈ పని జరగాలి.

— ఒక విశ్రాంత సైన్స్ ఉపాధ్యాయురాలు, కడప జిల్లా