హాస్టల్ మెస్‌లో తినలేకపోతున్న పిల్లల గురించి విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారములు.

నేను ఒక డిగ్రీ కళాశాలలో వృక్షశాస్త్రం బోధిస్తూ, పదకొండేళ్లపాటు అక్కడి బాలికల హాస్టల్‌కు వార్డెన్‌గా కూడా పనిచేసి పదవీ విరమణ చేశాను. విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతూ 2023 జులైలో మరణించిన ఒక విద్యార్థిని తండ్రి వేసిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న ఇచ్చిన తీర్పు మీకు తెలిసినదే. వంద మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో నియమించాలని, బోధన, బోధనేతర సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలని, టెలీ మానస్ వంటి, ఫోన్‌లో మానసిక ఆరోగ్య సలహా ఇచ్చే సహాయ కేంద్రాల నంబర్లను హాస్టళ్లలో పెద్ద అక్షరాలతో ప్రదర్శించాలని ఆ తీర్పు ఆదేశించింది. ఆ ఆదేశాలు ప్రధానంగా ఆత్మహత్యల నివారణకు ఉద్దేశించినవి. వాటిని మన కళాశాలల్లో అమలు చేయించేటప్పుడు తిండికి సంబంధించిన మానసిక రుగ్మతలను కూడా చేర్చాలని, ముఖ్యంగా ఆ శిక్షణను మెస్‌లో పనిచేసేవారి దాకా తీసుకువెళ్లాలని కోరడానికే ఈ లేఖ రాస్తున్నాను.

మా హాస్టల్‌లో బీఎస్సీ రెండో సంవత్సరం చదివే ఒక అమ్మాయి ఉండేది. పళ్లెంలో అందరితోపాటే అన్నం పెట్టించుకునేది, పప్పు వేయించుకునేది, చాలాసేపు కలిపేది. కలిపిన ముద్దలను పళ్లెం అంచు చుట్టూ పేర్చి, గుడ్డు పక్క అమ్మాయికి ఇచ్చి, లేచి వెళ్లిపోయేది. మొదట శనివారం ఒక్కపొద్దు అంది, తరువాత సోమవారం, ఆ తరువాత గురువారం కూడా కలిశాయి. మన ఇళ్లలో ఉపవాసం ఉన్న పిల్లను ఎవరూ ప్రశ్నించరు, పైగా మెచ్చుకుంటాం. మే నెల ఎండలో కూడా ఆ అమ్మాయి స్వెట్టర్ వేసుకుని తిరిగేది. ఇదంతా మొదట గమనించింది నేను కాదు, వడ్డించే ఆయమ్మ. "మేడమ్, ఆ పాప తినట్లేదు, ఊరికే కలుపుతోంది" అని రెండుసార్లు చెప్పింది. ఇంటి మీద బెంగ అయి ఉంటుందని నేను కొట్టిపారేశాను. మూడోసారి ఆమె చెప్పలేదు.

ఆ అమ్మాయి ల్యాబ్‌లో కళ్లు తిరిగి పడిపోయాక ఆసుపత్రికి తీసుకువెళ్తే సెలైన్ ఎక్కించి, గ్యాస్ ట్రబుల్ అని మాత్రలు, రక్తహీనత అని టానిక్ రాసి పంపారు. ఇంటివాళ్లు దిష్టి తీయించారు. నేను రోజూ పక్కన కూర్చుని బలవంతంగా తినిపించాను. అది ఎంత పెద్ద పొరపాటో, ఆ తరువాత ఆమె బాత్‌రూమ్‌లో నల్లా తిప్పి ఎందుకంతసేపు ఉండేదో నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. కొన్ని నెలలు గడిచాక ఒక ప్రభుత్వ మానసిక వైద్యురాలు దాన్ని అనొరెక్సియాగా, అంటే తిండి మానేసి చిక్కిపోయే మానసిక రుగ్మతగా గుర్తించి, ఇది మొండితనం కాదు, జబ్బు అని తల్లిదండ్రులకు, నాకు ఓపికగా వివరించారు. బాగా చిక్కిపోయిన మనిషికి ఒక్కసారిగా ఎక్కువ ఆహారం పెడితే రక్తంలో ఫాస్ఫరస్ వంటి లవణాలు పడిపోయి ప్రాణానికే ముప్పు రావచ్చని, పదేపదే వాంతి చేసుకునేవారిలో పొటాషియం తగ్గి గుండె లయ తప్పవచ్చని ఆమె చెప్పేదాకా నాకు తెలియదు. జీవశాస్త్రం చదువుకున్న నాకే తెలియకపోతే వేరెవరిని తప్పుపట్టగలను?

అర్హత గల కౌన్సెలర్ గది ఒకటి తెరిచినంత మాత్రాన ఈ పిల్లలు అక్కడికి నడిచి రారు. దిగులు ఉన్న విద్యార్థి ఎప్పుడో ఒకప్పుడు తలుపు తట్టవచ్చు గానీ, తిండి మానేస్తున్న విద్యార్థి తనకేమీ కాలేదనే నమ్ముతుంది, అదే ఆ జబ్బు లక్షణం. ఆమెను చూడగలిగేది వడ్డించేవాళ్లు, గదిలో ఉండే స్నేహితురాళ్లు, రాత్రి కాపలా ఉండే ఆయాలు. మన హాస్టళ్లలో వంట, వడ్డన పనులు చాలాచోట్ల కాంట్రాక్టు మీదో ఔట్‌సోర్సింగ్‌లోనో జరుగుతున్నాయి. "బోధనేతర సిబ్బంది" అన్న మాటలో వారు లేరని ఏ యాజమాన్యమైనా వాదిస్తే, మొత్తం శిక్షణ అవసరం లేనిచోటికే చేరుతుంది. కాబట్టి మీ శాఖ ఇచ్చే ఉత్తర్వులో మెస్ కార్మికులను పేరుపెట్టి చేర్చండి. వారు చెప్పిన మాటను వార్డెన్ నమోదు చేసి, కౌన్సెలర్‌కు చేర్చి తీరాలన్న నిబంధన పెట్టండి.

ఈ రుగ్మతలను గుర్తించడానికి వైద్యులు వాడే చిన్న ప్రశ్నావళి ఒకటుంది. స్కాఫ్ అనే ఆ ప్రశ్నావళిలో ఐదే ప్రశ్నలుంటాయి. ఇతరులు సన్నగా ఉన్నావంటున్నా నువ్వు లావుగా ఉన్నావని అనుకుంటున్నావా అన్నది వాటిలో ఒకటి. మా హాస్టల్‌లోని ఆ అమ్మాయి ఏనాడూ లావు అన్న మాట ఎత్తలేదు. తింటే కడుపు ఉబ్బుతోందనే అనేది. లావు భయం కనిపించని ఇలాంటి అనొరెక్సియా గురించి మన దేశపు మానసిక వైద్యులు కూడా రాశారు. అందువల్ల ఆ ప్రశ్నలను యథాతథంగా తెలుగులోకి దించి పంచితే చాలదు. విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల నిపుణుల చేత మన పిల్లల మాటలకు తగినట్టు తయారు చేయించి, పరీక్షించిన తరువాతే కళాశాలలకు ఇవ్వండి. అబ్బాయిల హాస్టళ్లను విడిచిపెట్టకండి. జిమ్ శరీరం కోసం అన్నం మానేసి పొడుల మీద బతికేవారిని, రాత్రిళ్లు అదుపు లేకుండా తిని మర్నాడంతా పస్తుండేవారిని నేను తరగతి గదిలో చూశాను.

ఆరోగ్య శిబిరాల పేరుతో వరండాలో అందరి ముందూ బరువు తూచి అంకెను బిగ్గరగా చదివే పద్ధతిని వెంటనే ఆపించండి. రక్తహీనత పరీక్షలు తప్పక జరగాలి, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్ర స్త్రీలలో సగానికి పైగా ఆ లోపంతోనే ఉన్నారు. కానీ హిమోగ్లోబిన్ తక్కువ ఉన్న అమ్మాయికి ఐరన్ మాత్ర ఇచ్చే నర్సు, నువ్వు భోజనం ఎలా చేస్తున్నావమ్మా అని విడిగా ఒక్క మాట అడిగితే, ఆ శిబిరమే రెండు పనులు చేస్తుంది.

ఇక హాజరు సంగతి. ఆ అమ్మాయికి చికిత్స కోసం సెలవు కావలసి వచ్చినప్పుడు, మానసిక వైద్యుల సర్టిఫికెట్ ఇస్తే రేపు పెళ్లికి అడ్డమవుతుందని భయపడి తల్లిదండ్రులు టైఫాయిడ్ అని రాయించుకొచ్చారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్స వివరాల గోప్యతను రోగి హక్కుగా గుర్తించింది. జబ్బు పేరు లేకుండా, చికిత్స పొందుతున్నారన్న వైద్యుల ధ్రువీకరణ ఒక్కటే చూసి హాజరు మినహాయింపు ఇచ్చేలా విశ్వవిద్యాలయాలను ఆదేశించండి. అప్పుడు ఆ మినహాయింపు లేక ఆమె ఒక ఏడాది కోల్పోయింది.

టెలీ మానస్ నంబరు 14416ను నోటీసు బోర్డు మీదే కాక మెస్‌లో, చేతులు కడుక్కునే చోట అంటించమని కూడా కోరుతున్నాను. ఉచితంగా, తెలుగులో మాట్లాడవచ్చని, తిండి గురించి అయినా మాట్లాడవచ్చని దాని కింద రాయించండి.

మెస్ సిబ్బంది శిక్షణకు తేలిక తెలుగులో పాఠం తయారు చేయాలనుకుంటే, నేను చూసినవి, చేసిన పొరపాట్లు అన్నీ వివరంగా రాసి ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాను. పిలిచిన హాస్టల్‌కు నా ఖర్చులతోనే వస్తాను. వీలైతే మా ఆయమ్మను కూడా వెంటబెట్టుకుని వస్తాను.

ఇట్లు,
భవదీయురాలు,
ఒక విశ్రాంత అధ్యాపకురాలు, మాజీ హాస్టల్ వార్డెన్