గడ్డపు తొండకు గాజుపెట్టె ఒక్కటే చాలదు

సంపాదకులకు,

అనంతపురంలో మా పక్కింటి అబ్బాయి ముచ్చటపడి తెచ్చుకున్న ఆస్ట్రేలియా గడ్డపు తొండ, అంటే బియర్డెడ్ డ్రాగన్, కొన్ని నెలలకే దవడ మెత్తబడి, కాళ్లు వంకరపోయి, ఒళ్లు లేపలేక పొట్ట ఈడ్చుకుంటూ కదలడం చూశాను. కిటికీ పక్కన పెడితే ఎండ సరిపోతుందని ఇంటివారు అనుకున్నారు గానీ, కాల్షియం ఒంటబట్టడానికి అవసరమైన యూవీబీ కిరణాలను, అంటే ఎండలోని ఒక రకం అతినీలలోహిత కిరణాలను, అద్దమే చాలావరకు ఆపేస్తుంది. యూవీబీ దీపంతో పాటు, పెట్టెలో ఒక చివర సుమారు 40 డిగ్రీల వేడి, మరో చివర 25 నుంచి 28 డిగ్రీల చల్లదనం ఉండాలి. మన మే నెల గదుల్లో కరువయ్యేది వేడి కాదు, ఆ చల్లని మూలే. మేతగా వేసే పురుగులకు కాల్షియం పొడి అద్దకుండా, కాల్షియాన్ని ఒంటబట్టనివ్వని పాలకూరే రోజూ పెట్టడం మరో పొరపాటు. ఈ సంగతులు కాగితంపై రాసివ్వనిదే దుకాణదారులు ఈ జీవిని అమ్మకూడదని నా మనవి.

— ఒక పాఠకుడు, అనంతపురం