ముక్కుకూ బడిలో చోటివ్వండి

సంపాదకులకు నమస్కారం.

మన బడుల్లో పిల్లలు చూసి నేర్చుకుంటారు, విని నేర్చుకుంటారు. చేసి నేర్చుకోవడం కూడా ఈమధ్య కాస్త మొదలైంది. వాసన చూసి నేర్చుకోవడం మాత్రం జ్ఞానేంద్రియాల పాఠంలో ముక్కు బొమ్మ కింద పేరు రాయడంతోనే అయిపోతోంది. పునాది దశ (మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల చదువు) కోసం 2022లో తెచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం పిల్లల ఇంద్రియాలకు పదును పెట్టాలని చెప్పింది. వాసనలనూ రుచులనూ వేరుచేసి చెప్పగలగడాన్ని అందులో ఒక సామర్థ్యంగా పెట్టింది. ఆ మాట హైదరాబాద్ అంగన్‌వాడీలకూ ప్రాథమిక పాఠశాలలకూ, వాటితోపాటు బస్తీల్లో పెద్దవాళ్లు కూర్చునే సమావేశాలకూ చేరాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను కుత్బుల్లాపూర్ వైపు చిన్న తరగతులకు పాఠాలు చెప్పే టీచర్ని. ముచ్చట కోసం అడగడం లేదు. ఇందులో ప్రాణాల సంగతి ఉంది.

వంటగ్యాస్‌కు సొంత వాసన లేదు. లీకైతే తెలియాలని ఇథైల్ మెర్కాప్టన్ అనే ఘాటు పదార్థాన్ని అందులో చాలా కొద్దిగా కలుపుతారు. వాసన వచ్చేలా చేశారు సరే, వచ్చాక ఏం చేయాలో ఎంతమందికి నేర్పాం? ఒంటిగది ఇళ్లలో ఆ వాసన తగలగానే లైటు వేసి చూడటమో, ఎగ్జాస్ట్ ఫ్యాను వేయడమో చేస్తారు. స్విచ్‌లో పుట్టే చిన్న నిప్పురవ్వ చాలు. ఈ గ్యాస్ గాలికన్నా బరువు కాబట్టి నేలబారున, మంచాల కింద, మూలల్లో పరుచుకుంటుంది. స్విచ్ ఏదీ ముట్టకుండా రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు బార్లా తీసి, అందరూ బయటికొచ్చి 1906కు ఫోన్ చేయాలి. మూడో తరగతి పిల్ల ఇది నేర్చుకుంటే ఇంటిల్లిపాదికీ నేర్పుతుంది.

ముక్కుకు ఒక బలహీనత కూడా ఉంది. అదే వాసనలో కాసేపు ఉంటే దానికి అలవాటు పడిపోతుంది. మా తరగతిలో ఇంగువ డబ్బా మూత తీసి బల్ల మీద పెట్టి, లెక్కల పాఠం మొదలుపెట్టాను. పాఠం సగంలో ఉండగా "ఇంకా వస్తోందా?" అని అడిగితే, పోయిందన్నారు అందరూ. ఇద్దరిని బయట వేపచెట్టు దాకా పంపి మళ్లీ పిలిచాను. గడపలో కాలు పెడుతూనే "వస్తోంది టీచర్, గట్టిగా వస్తోంది!" అని అరిచారు. లోపలున్న వాళ్లు నమ్మక, తామూ బయటికెళ్లి వచ్చి చూసుకున్నారు. వాసన తగ్గినంత మాత్రాన ప్రమాదం తగ్గినట్టు కాదని ఆ రోజు నేను విడిగా చెప్పాల్సిన పనే రాలేదు.

మ్యాన్‌హోళ్లలో, సెప్టిక్ ట్యాంకుల్లో జరుగుతున్న చావులకూ దీనికీ దగ్గరి సంబంధం ఉంది. మురుగులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ తక్కువగా ఉన్నప్పుడు కుళ్లిన కోడిగుడ్డు కంపు కొడుతుంది. గాఢత పెరిగితే ఆ కంపును పట్టే శక్తినే మొద్దుబార్చేస్తుంది. కంపు పోయిందనుకుని దిగిన మనిషి అక్కడే కుప్పకూలుతాడు, అతన్ని కాపాడబోయిన రెండో మనిషీ అంతే. రక్షణ సామగ్రి లేకుండా ఇలా మనుషులను దించి మురుగు శుభ్రం చేయించడాన్ని 2013 నాటి మాన్యువల్ స్కావెంజింగ్ నిషేధ చట్టం నిషేధించింది. అయినా దించుతూనే ఉన్నారు. ఆ పనికి పిలిచినప్పుడు "దిగను" అని చెప్పడానికి కావలసిన తెలివిడి ఆ కుటుంబాల పిల్లలకు బడి ఇవ్వాలి. దించే అపార్టుమెంట్ల యజమానుల పిల్లలకూ అంతే అవసరం. కార్బన్ మోనాక్సైడ్‌కైతే అసలు వాసనే ఉండదు. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి, గాలి ఆడని బాత్రూంలో గ్యాస్ గీజర్ ఎందుకు ప్రమాదమో చెప్పాలంటే, ముక్కు ఎక్కడిదాకా పనికొస్తుందో, ఎక్కడ చేతులెత్తేస్తుందో రెండూ చెప్పాలి.

నల్లా నీళ్ల సంగతీ చూడండి. నీళ్లు వదలని గంటల్లో పైపులో ఒత్తిడి ఉండదు. పైపుకు ఎక్కడైనా చిల్లి ఉంటే పక్కనున్న మురుగు అందులోకి చేరుతుంది. 2009లో భోలక్‌పూర్‌లో కలుషిత నీళ్లు ఎన్ని ప్రాణాలు తీశాయో ఆ బస్తీ మరిచిపోలేదు. నల్లా రాగానే బిందె పెట్టేయకుండా, ముందు ఒక గ్లాసు పట్టి వాసన చూడాలి. మురుగు వాసన వస్తే పట్టడం ఆపి, వాటర్ బోర్డు 155313కు చెప్పాలి. లేతగా బ్లీచింగ్ వాసన వస్తే మాత్రం భయపడక్కర్లేదు, అది క్లోరిన్ ఉందనడానికి గుర్తు. మా బడికి వచ్చే తల్లుల్లో చాలామంది దీన్ని తలకిందులుగా అనుకుంటున్నారు. మందు వాసన కొట్టే నీళ్లు పారబోసి, ఏ వాసనా లేని బోరు నీళ్లే మంచివని పట్టుకుంటున్నారు. వాసన లేనంత మాత్రాన నీళ్లు మంచివైపోవు.

ఇక చదువు సంగతి. వాసన కబురు మెదడులో జ్ఞాపకాలనూ భావాలనూ చూసుకునే భాగాలకు దగ్గరి దారిలో చేరుతుంది. ముక్కు లోపల వాసనలను పట్టే గ్రాహకాలు దాదాపు 400 రకాలు ఉంటాయి. వీటి గుట్టు విప్పిన రిచర్డ్ యాక్సెల్, లిండా బక్‌లకు 2004లో నోబెల్ వచ్చింది. తరగతి గదిలో దీని ఫలితం చూడటానికి ప్రయోగశాల అక్కర్లేదు. వానాకాలం మీద ఐదు వాక్యాలు రాయమంటే గైడులో ఉన్న ఐదూ దించేవాళ్లు మా పిల్లలు. ఒకసారి పళ్లెంలో ఎండుమట్టి పోసి నీళ్లు చిలకరించి, కళ్లు మూసుకుని వాసన చూశాక రాయమన్నాను. రేకుల ఇల్లు కారితే అమ్మ బియ్యం డబ్బా మంచం మీదికెక్కించిన సంగతి ఒకడు రాశాడు. వాళ్ల ఊరి చెరువు గట్టు గురించి ఇంకో పిల్ల రాసింది. అక్షరదోషాలు ఉన్నాయి కానీ ఒక్క వాక్యం కూడా గైడులోది కాదు. ఆ వాసనకు మట్టిలోని సూక్ష్మజీవులు తయారుచేసే జియోస్మిన్ కారణమని ఆ తర్వాత చెప్పాను. అప్పటికి వినడానికి వాళ్లు సిద్ధంగా ఉన్నారు.

ఈ నగరంలో దీనికి గురువులు కావలసినంత మంది ఉన్నారు. బేగంబజార్‌లో మసాలా దినుసులు అమ్మేవాళ్లు, గుడిమల్కాపూర్‌లో మరువం, మల్లె కట్టే అమ్మలు, చార్మినార్ దగ్గర అత్తరు దుకాణాల పెద్దలు. స్ప్రే సెంటు తొందరగా ఎగిరిపోతే అత్తరు అంతసేపు ఎందుకు నిలుస్తుందని అడిగితే ఆవిరి కావడం గురించిన పాఠం అక్కడే మొదలవుతుంది. విహారయాత్ర అంటే పార్కులే కానక్కర్లేదు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండాలి. వాసన పేరు చెప్పి మనిషిని దూరం పెట్టడం మన సమాజానికి కొత్త కాదు. చెత్త ఆటో నడిపే వాళ్ల కొడుకునూ, ఎండుచేపల కూర తెచ్చుకునే పిల్లనూ "వాసనొస్తున్నావ్, జరుగు" అని నెట్టే పిల్లలు ప్రతి తరగతిలో ఉంటారు. వాళ్లది ఇంట్లో విని నేర్చుకున్న మాట. టీచర్ దీన్ని ముందే ఎదుర్కోకపోతే వాసన పాఠం ఆ పిల్లల మీదికి ఇంకో రాయి అందించినట్టవుతుంది. వస్తువుల వాసనే మాట్లాడాలి, మనుషుల వాసన మాట్లాడకూడదు అనే నియమంతోనే నేను మొదలుపెడతాను. అలాగే ఉబ్బసం ఉన్న పిల్లలు ఉంటారు కాబట్టి రూమ్ స్ప్రేలు, ఘాటు సెంట్లు, ఫినాయిల్ తరగతిలోకి తేవద్దు. వాము, జీలకర్ర, లవంగం, కరివేపాకు, నిమ్మతొక్క చాలు.

మా వైపు రాత్రిళ్లు వచ్చే ఘాటు వాసనల గురించి పెద్దలు ఏళ్ల తరబడి ఫిర్యాదు చేస్తూనే ఉన్నారు. "కంపు కొడుతోంది" అని ఫోన్ చేస్తే, మనిషి వచ్చేసరికి గాలి మళ్లిపోతుంది. ఐదో తరగతి పిల్లలతో పట్టిక గీయించాను: తేదీ, టైము, గాలి ఎటునుంచి, ఎలాంటి వాసన, కళ్లు మండాయా, దగ్గు వచ్చిందా. గాలి దిక్కును అగరుబత్తి పొగతో చూస్తారు. కుళ్లిన క్యాబేజీ, గోళ్ల రంగు తుడిచే మందు, కాలిన ప్లాస్టిక్ అని విడివిడిగా రాస్తారు. పిల్లలు నిద్రపోయాక తల్లులు నింపుతున్నారు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2008లోనే దుర్వాసన కాలుష్యం మీద మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని అమలు చేయించాలంటే బస్తీ చేతిలో ఇలాంటి లెక్క ఉండాలి. 1984 డిసెంబరులో విషవాయువు లీకైన రాత్రి భోపాల్ జనం ఎవరో మిరపకాయలు కాలుస్తున్నారేమో అనుకున్నారని బతికి బయటపడ్డవాళ్లు చెప్పారు. అలాంటి ఘాటు తగిలితే తడిగుడ్డ ముక్కుకు పెట్టుకుని, గాలి వీచే దిక్కుకు అడ్డంగా, అంటే పక్కకు నడిచి దూరం పోవాలని ఫ్యాక్టరీల పక్కనున్న ప్రతి బస్తీకీ ముందే తెలిసి ఉండాలి.

బస్తీ అభివృద్ధి పథకాన్ని 1967లోనే మొదలుపెట్టిన నగరం మనది. ఇప్పటికీ జీహెచ్ఎంసీ యూసీడీ (పట్టణ సామాజికాభివృద్ధి) విభాగం కింద మహిళా సంఘాలు కూర్చుంటున్నాయి. ఆ సమావేశాల్లో ఒకదానికి గ్యాస్ ఏజెన్సీ మెకానిక్‌నూ, వాటర్ బోర్డు లైన్‌మన్‌నూ పిలిచి, చేసి చూపించమని విద్యాశాఖ, జీహెచ్ఎంసీ అడగాలి. టీచర్లకు, చుట్టుపక్కల బడుల వాళ్లంతా కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో ఒక పూట చాలు. జూన్‌లో బడులు తెరిచేలోగా ఈ రెండింటికీ ఉత్తర్వులు ఇవ్వాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. మా తరగతిలో వాడే పట్టికను అడిగిన ఏ బడికైనా ఇస్తాను.

– ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు,
కుత్బుల్లాపూర్, హైదరాబాద్